ఒకే కుటుంబానికి చెందినవి

బ్రాడీపేట, గుంటూరు
22 జూలై 2024

చిరంజీవి సౌభాగ్యవతి రాఘవమ్మకు, నా తమ్ముడు పానకాలుకు ఆశీస్సులతో,

నేను పడిపోలేదు. పడిపోవటం వేరు, పడుకోవటం వేరు. నల్లపాడు స్టేషన్ వెనక, కంచె పక్కన, కానుగ చెట్ల నీడలో, నా అంతట నేను తువ్వాలు పరుచుకుని బోర్లా పడుకున్నాను. నేలకు బెత్తెడు ఎత్తున మొలిచిన పుట్టగొడుగును చూడాలంటే మనిషి కూడా నేల మీదికి దిగవలసిందే. నిలబడి చూసేవాళ్ళకు దాని నెత్తి మాత్రమే కనిపిస్తుంది. గొడుగు కింది రేకులు కాడకు ఎలా అతుక్కున్నాయో, కాడకు ఉంగరం ఉందో లేదో కనిపించదు. వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్ళూ నా విద్యార్థినులను కూడా ఇలాగే పడుకోబెట్టాను.

దారిన పోయేవాడెవడో "పెద్దావిడ పడిపోయిందిరోయ్, ఊపిరుందో లేదో చూడండిరా" అని కేకలు పెట్టాడట. నా చెవుల సంగతి నీకు తెలుసు. అతడు అరిచిందీ, జనం మూగిందీ నాకు తెలియలేదు. ఎవరో భుజం పట్టుకుని వెల్లకిలా తిప్పేసరికి ఎదురుగా అంబులెన్సు నిలబడి ఉంది. లేచి, చీర దులుపుకుని, భూతద్దం వెతుక్కుని, ఆటోలో ఇంటికి వచ్చాను.

జరిగింది ఇంతే. నేను కుక్కగొడుగులు వండుకు తిని స్పృహ తప్పానన్నది శుద్ధ కల్పన. అది చీరాల దాకా ప్రయాణించిందని, మీ అబ్బాయి కోటేష్ మా కింది వాటా సైదాబీకి ఫోను చేసి "మేనత్తను ఇక్కడికి తెచ్చేసుకుంటాం" అన్నాడని తెలిసి నాకు కోపం వచ్చింది. నా అన్నం నేను వండుకుంటున్నంత కాలం ఆ ప్రస్తావన ఎత్తవద్దని వాడికి చెప్పు. ఫోన్లో కాదు, కాగితం మీద నాతో మాట్లాడమని కూడా చెప్పు. ఫోన్లో మనుషుల గొంతు నాకు ఈగ ముసిరినట్టు వినిపిస్తుంది తప్ప మాట తెలియదు.

ఇక అసలు సంగతి. మీ సముద్రం వైపు సరుగుడు తోపులో తొలకరికి చిన్న చిన్న తెల్ల గొడుగులు వస్తాయని, మీరు ఏటా కూర వండుకుంటారని పానకాలు చెప్పేవాడు. నల్లపాడులో నాకు దొరికినదాన్ని వాటితో పోల్చి చూడాలని ఉంది. దొరికితే ఎండబెట్టి పంపించు. ప్లాస్టిక్ సంచిలో వద్దు, పాత పేపరులో చుట్టు.

కొత్త కోడలు హేమశ్రీ మగ్గం పని అందుకుందా? పిల్లను అడిగానని చెప్పు.

సామ్రాజ్యం

—

చీరాల
29 జూలై 2024

పూజ్యులు వదినగారికి రాఘవమ్మ నమస్కారాలు.

పడుకున్నారో పడిపోయారో, నేల మీదే గదా ఉన్నారు వదినా! ఆ వయసులో రైలు కట్ట పక్కన బోర్లా పడుకుంటే ఎవరికైనా గుండె జారదా? నేనైతే అంబులెన్సు కాదు, ఏకంగా వాయిద్యాలే పిలిపించేదాన్ని. కోప్పడొద్దు, నవ్వుతా రాస్తన్నా.

మీ తమ్ముడికి మీ ఉత్తరం చదివి వినిపించా. మగ్గం గుంటలోంచి లేవకుండానే అన్నాడు గదా, "మా అక్కకి ఎన్ని సంబంధాలు తెచ్చినా ఒక్కటీ నచ్చలా, కుక్కగొడుగుల్లో మాత్రం వరసలు కలుపుతా ఉంది" అని. అని మళ్ళా తనే, "మా అక్క చూసి చెప్పిందంటే దానికి తిరుగులేదే" అన్నాడు. మీరంటే ఆయనకి అట్టాంటి గురి.

పొట్లంలో రెండు రకాలు పెట్టా. దారం కట్టినవి మేం ఏటా తినేవి. కట్టనివి ఈ ఏడు కొత్తగా వచ్చినవి, తోపులో ఎక్కడ చూసినా అవే. పాతవి ఈసారి పలచగా ఉన్నాయి. రెండూ చూడటానికి అక్కచెల్లెళ్ళ మాదిరే ఉన్నాయి, కొత్తవాటికి నడినెత్తిన ఎర్రటి బొట్టు, అంతే తేడా. హేమశ్రీ రోజూ పొద్దున్నే తోపుకెళ్ళి ఏరుకొస్తంది. కొత్తవి ముట్టుకోవాలంటే భయమంటంది. పట్నం పిల్ల గూడా కాదు, మంగళగిరి సాలెల పిల్లే, అయినా అన్నిటికీ భయమే.

శ్రావణం వస్తంది గదా వదినా, నెలంతా మేం నీచు ముట్టం. మీ తమ్ముడికి నోరు చప్పబడిపోద్ది. గొడుగుల కూర ఒక్కటే ఆయనకి దిక్కు. కొత్తవి గూడా తినేవేనా? పాతవీ కొత్తవీ ఒకటేనా? ఒక్క ముక్కలో చెప్పండి, నాకు పాఠం వద్దు.

ఎండుమిరపకాయలు తొడిమలు తీసినవి దొరికితే చూసి ఉంచండి. మీ మిర్చి యార్డు కాయ రంగు ఇక్కడ రాదు.

మీ మరదలు
రాఘవమ్మ

—

బ్రాడీపేట, గుంటూరు
5 ఆగస్టు 2024

చిరంజీవి సౌభాగ్యవతి రాఘవమ్మకు, శ్రావణ మాసం మొదలైన రోజున ఆశీస్సులు.

నీ పొట్లం క్షేమంగా చేరింది. దారం కట్టి వేరు చేయటం నాకు ఎంతో నచ్చింది. డిగ్రీ చదివిన పిల్లలకు కూడా ఆ శ్రద్ధ ఉండేది కాదు.

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఒక్క ముక్కలో తేలేది సోది అవుతుంది గాని శాస్త్రం కాదు. అయినా నీ కోసం ప్రయత్నిస్తాను: రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. ఆ మాటకొస్తే బజారులో పెట్టెల్లో పెట్టి అమ్మే తెల్లటి గుండీల్లాంటి పుట్టగొడుగు కూడా ఆ కుటుంబానిదే. నల్లపాడులో నేను చూసినదీ ఆ కుటుంబానిదే.

ఇక పోలిక. దారం కట్టినదాని నెత్తి పాలతెలుపు, నునుపు. నడిమి బుడిపె లేతగోధుమ రంగు. కాడకు గట్టి ఉంగరం ఉంది, ఎండినా ఊడలేదు. దారం కట్టనిదానికి నువ్వు ఎర్రటి బొట్టు అన్నది నిజానికి బొట్టు కాదు. పైపొర పిగిలి ఏర్పడిన పొలుసులు అవి, నడుమ దట్టంగా, అంచుల వైపు పలచగా. కాడకు ఉంగరం నిలవలేదు, దాని ఆనవాలు మాత్రం నూగులా మిగిలింది. నీళ్ళలో నానబెట్టి విప్పి చూస్తే రెండింటిలోనూ రేకులు కాడను తాకకుండా విడిగానే ఉన్నాయి. ఒకే దారానికి గుచ్చినట్టున్న ఆ పోలిక వల్లనే వీటిని దగ్గర చుట్టాలనటం. దూరం నుంచి చూస్తే తేడా బొట్టే, దగ్గరకు వెళితే బొట్టు ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో తేడాలు. ఒక తల్లి కడుపున పుట్టిన నేనూ పానకాలూ లేమా?

సరిగా తేల్చాలంటే తాజావి కావాలి. పూర్తిగా విచ్చుకున్నదాని తల కోసి, నల్లకాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసిపెట్టు. మర్నాటికి కాగితం మీద పొడి రాలుతుంది. ఆ కాగితాన్ని మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టి పంపించు. నా సూక్ష్మదర్శిని ఇంకా పనిచేస్తోంది, నా కళ్ళు కూడా.

వంట గురించి అడిగావు. నేను జీవితంలో పుట్టగొడుగు వండలేదు, తినలేదు. ఆ విభాగం నాది కాదు.

మిరపకాయలు చూస్తాను. ఈ వారం యార్డు ఘాటుకు మా వీధి అంతా దగ్గుతోంది. సైదాబీ మిషను కుడుతూ దగ్గుతుంటే కుట్టు వంకర పోతోందట.

హేమశ్రీని భయపడవద్దని చెప్పు. ముట్టుకుంటే ఏమీ కాదు.

సామ్రాజ్యం

—

చీరాల
11 ఆగస్టు 2024, ఆదివారం

వదినగారికి నమస్కారాలు.

ముందే చెప్తున్నా, కంగారు పడొద్దు. అందరం బానే ఉన్నాం.

శుక్రవారం మధ్యాహ్నం గొడుగుల కూర వండించా. పాతవి పిడికెడే దొరికినాయి, కొత్తవి బుట్టెడు. ఒకే కుటుంబం అన్నారుగా, ఒకే కుండలో వేయించా. హేమశ్రీ వండనని మొండికేసింది. "అత్తయ్యా, నాకెందుకో మనసొప్పటంలా" అంటది. "మా వదిన కాలేజీలో పాఠాలు చెప్పింది, భయపడొద్దని నీకు పేరు పెట్టి మరీ రాసింది, ఆవిడ చదువు ముందు నీ చదువెంతే?" అని కసిరా. కళ్ళనీళ్ళు పెట్టుకుంటా వండింది. శ్రావణ శుక్రవారం ఉపవాసం గదా, తను ముద్ద ముట్టలా. కోటేష్ కొట్లకి చీరలు వెయ్యటానికి విజయవాడ పోయున్నాడు. నేను ఒక ముద్ద తిన్నా, కడుపు బాలేక వదిలేశా. మీ తమ్ముడు మాత్రం రెండు పూటలా ఇదే కూరేసుకుని తిన్నాడు. "మా అక్క పేరు చెప్పి ఇంకో గరిటె వెయ్యవే" అని అడిగి మరీ వేయించుకున్నాడు.

ఆ రాత్రి తెల్లార్లూ ఆయనకి వాంతులూ విరేచనాలూ. నాకు గూడా రెండుసార్లయినాయి. కొత్త డబ్బా నూనెలో ఏదో కల్తీ ఉంది వదినా, షాపువాణ్ణి వదిలిపెట్టనన్నాడు కోటేష్. నిన్న వీధిలో డాక్టరుగారు సెలైను పెట్టారు. ఇవాళ పొద్దున లేచి జావ తాగాడు. తాగి మగ్గం దగ్గరికి పోయి పడుగు తడిమి చూసుకొచ్చాడు. "రేపు దిగుతా" అంటన్నాడు. గండం గడిచింది.

నల్లకాగితం మీద తలకాయలు బోర్లించి పెట్టా. ఆ హడావిడిలో ఎవరో గిన్నె కాలితో తన్నారు. మళ్ళా పెట్టి పంపుతా.

రాఘవమ్మ

—

గుంటూరు
13 ఆగస్టు 2024

రాఘవమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఈ కాగితాన్ని పోస్టులో వేయటం లేదు, నేనే తెస్తున్నాను. ఎదురెదురుగా నిలబడినా నీ సమాధానం నాకు వినపడదు. నువ్వు ఏడుస్తూ మాట్లాడితే పెదవులు కూడా చదవలేను. చెప్పవలసిందంతా వ్రాసి నీ చేతిలో పెడతాను. చదివి, వెంటనే డాక్టరుకు చూపించు.

కూర తిన్న రాత్రి వాంతులు, మర్నాడు నీరసం, ఆ తరువాత తేరుకోవటం. ఈ తేరుకోవటం తేరుకోవటం కాదు. కొన్ని చిన్న పొలుసుల గొడుగుల్లో ఉండే విషం ఇలాగే మనిషిని కాసేపు వదిలి, లోపల కాలేయాన్ని పట్టుకుంటుంది. అన్నిటిలోనూ ఉండదు, కొన్నిటిలో ఉంటుంది. పానకాలు కళ్ళు పచ్చబడ్డాయేమో చూడు. మగ్గం దగ్గరికి వెళ్ళనివ్వకు. ఒంగోలు గాని, గుంటూరు గాని, పెద్దాసుపత్రికి తీసుకుపో. పుట్టగొడుగులు తిన్నాడని మొట్టమొదటి మాటగా చెప్పు. నూనె అని చెప్పకు.

సైదాబీ చేత నీకు ఫోను చేయించాను, పలకలేదు. కోటేష్ పలికాడు. నేను ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని పైన వ్రాసినదంతా మాటా మాటా విడదీసి చెప్పాను. చెప్పటం పూర్తయ్యాక సైదాబీ ఫోను తీసుకుని చూసి, అవతల ఎప్పుడో పెట్టేశారని చేత్తో సైగ చేసింది. నేను ఎంతసేపు ఎవరూ లేని ఫోనులో మాట్లాడానో నాకు తెలియదు. "నాన్న బానే ఉన్నాడు, అత్తని కంగారు పడొద్దనండి" అన్నాడట వాడు.

ఆ రెండోది తినదగినదని నేను వ్రాయలేదు. నా ఉత్తరం తీసి చూడు, ఎక్కడా వ్రాయలేదు. తినకూడదని కూడా వ్రాయలేదు.

చీరాల రైలు సాయంత్రం గాని లేదు. బస్సు స్టాండుకు వెళుతున్నాను.

సామ్రాజ్యం

—

చీరాల
27 ఆగస్టు 2024

వదినగారికి,

పెద్దకర్మ అయిపోయింది. మీరు రాకపోవటమే మంచిదైంది, ఆ జనంలో మీరు నిలబడలేరు.

జెండా పండగనాడు గదా ఆయన పోయింది. ఆసుపత్రి బయట పిల్లకాయలు జెండాలు పట్టుకుని పోతా ఉంటే లోపల మీరు నా చెయ్యి పట్టుకుని "తప్పు నాదే, తప్పు నాదే" అంటా ఉన్నారు. మీకు తెలీలేదు గానీ వదినా, అరుస్తా అన్నారు. వార్డంతా తిరిగి చూసింది. ఎవ్వరూ నమ్మలా. చదువుకున్న తల్లి, తమ్ముడి మీద ప్రేమతో, కోడలి మీద మాట రాకుండా తన మీద వేసుకుంటందని అందరం అనుకున్నాం. మీరిచ్చిన కాగితం గూడా చదివా. మీ మనసు నాకు తెలుసు.

మీరు చెప్పింది తప్పు కాదు. మీ మాట ఏనాడూ తప్పలా. ఆయన నోటితో ఆయనే అన్నాడు గదా, మా అక్క చెబితే తిరుగులేదని. మరి మీరు మంచివన్నవి విషమెట్టా అయినాయి? నేను రాత్రింబవళ్ళు ఆలోచించా. ఆ పిల్ల ఇంకేవో కుక్కగొడుగులు ఏరుకొచ్చి కలిపింది. ఏరింది తనే, వండింది తనే, తినంది తనే. ముందునుంచీ భయం భయం అన్నదెందుకు? కోటేష్ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు కాగితం పెట్టాడు. దాన్ని మంగళగిరి పుట్టింటికి పంపేశాం. ఎస్సైగారు రెండుసార్లు పిలిపించారు. అది ఏడవటమే గానీ ఒక్క ముక్క చెప్పదంట.

మీ ఉత్తరాల సంగతి స్టేషన్లో నేను ఎత్తలా. కోటేష్ చూపిద్దామన్నాడు, నేనే వద్దన్నా. మీరు తలెత్తుకు బతికిన మనిషి. మీ పేరు ఆ కాగితాల్లోకి ఎక్కటం నాకిష్టం లేదు. మీరేం దిగులు పెట్టుకోవద్దు.

మగ్గం మీద చీర సగంలో ఉంది. ఆ గుంటలోకి దిగటానికి కోటేష్‌కి కాళ్ళు రావటంలా. కోసేద్దామా అంటే నాకు చేతులు రావటంలా.

మీరు ఒక్కరూ అక్కడెందుకు? వచ్చి నా దగ్గరుండండి.

రాఘవమ్మ

—

చీరాల రైల్వే స్టేషన్
30 ఆగస్టు 2024

రాఘవమ్మకు,

సౌభాగ్యవతి అన్న మాట అలవాటు కొద్దీ కలం కొసదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాటను నీ పేరు ముందు నుంచి తీసివేసింది ఈ కలమే. కాబట్టి ఖాళీగానే ఉంచుతున్నాను.

నేను మీ ఊళ్ళోనే ఉన్నాను. పొద్దున మీ వీధి మలుపు దాకా వచ్చాను. మీ అరుగు కనిపించింది, అరుగు మీద ఆరబెట్టిన నూలు కండెలు కనిపించాయి. అక్కడి నుంచి వెనక్కి తిరిగాను. నిన్ను చూస్తే నువ్వు నన్ను ఓదారుస్తావు. ఆ ఓదార్పు తీసుకుంటే నేను చేయవలసిన పని చేయలేను.

నువ్వు నా మాట మీద పెట్టుకున్న నమ్మకం తప్పు కాదు. ఆ మాట నీకు చేరిన తీరులో తప్పు ఉంది. ఒకే కుటుంబానికి చెందినవి అని వ్రాశాను. మా శాస్త్రంలో కుటుంబం అంటే పోలికలను బట్టి మేము కట్టుకున్న అర. ఒకే అరలో ఒకటి కంచంలోకి వస్తుంది, ఇంకొకటి మనిషిని కాటికి పంపుతుంది, దానికి మా దగ్గర ఏ అడ్డూ లేదు. నీ ఇంట్లో కుటుంబం అంటే ఒక కుండలో వండిన అన్నం తినేవాళ్ళు. నువ్వు నీ తెలుగులో చదివావు. నేను నీ ప్రశ్నను కూడా నా తెలుగులోనే చదివాను. తినవచ్చా అని నువ్వు నేరుగా అడిగావు. తెలియదు, తినవద్దు అని రెండు మాటలు వ్రాస్తే సరిపోయేది. అంత చిన్న ప్రశ్నకు అంత చిన్న జవాబు ఇవ్వటం నాకు నామోషీ అనిపించింది. ఉంగరం గురించి వ్రాశాను, పొలుసుల గురించి వ్రాశాను, వంట నా విభాగం కాదన్నాను. చివరికి ఆ పిల్లను భయపడవద్దన్నాను. ఆ ఇంట్లో భయపడవలసిన విషయానికి భయపడినది ఒక్క హేమశ్రీయే.

నిన్న మంగళగిరి వెళ్ళాను. వాళ్ళ అమ్మ నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది. లోపలి గదిలోంచి పిల్ల ఏదో అంది. నాకు వినపడలేదు. ఏమందమ్మా అని వాళ్ళ అమ్మను అడిగాను. ఆమె తలుపు దగ్గరగా వేసింది. ఆ మాట ఏమిటో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. మూసిన తలుపు ముందు నుంచి, వీధిలో మగ్గాలు ఆడుతున్నాయా లేదా అన్నది కూడా చెవికి తెలియక, వచ్చేశాను.

ఈ పొద్దున ఇక్కడి పోలీసు స్టేషనుకు వెళ్ళాను. ఎస్సైగారు మర్యాదస్థుడు. నాకు వినపడదని తెలిసి తెల్లకాగితం మీద వ్రాసి చూపించారు: "మామ్మగారూ, మీ వాళ్ళెవరూ మీ పేరు చెప్పలేదు. పెద్దవయసు, ఎందుకు మీకీ తిప్పలు? ఇంటికి వెళ్ళండి." ఆ కాగితం కిందనే నా జవాబు వ్రాశాను. తోపులో గొడుగులు ఏ రకమో చూసి చెప్పమని నన్ను అడిగారని, చూసి చెప్పినదాన్ని నేనేనని, నా మాట మీదనే అవి వండించారని, వండిన పిల్ల వద్దన్నదని, ఆమె ఆ రోజు తినకపోవటం వ్రతం వల్లనేనని వ్రాశాను. నీ పొట్లంలో మిగిలిన రెండు రకాలను, నీ దారంతో సహా, సీలు వేయించి అప్పగించాను. పరీక్షకు పంపుతామన్నారు. నీ దగ్గర ఉన్న ఉత్తరం అడుగుతారు, ఇచ్చెయ్యి.

దీనివల్ల ఆ పిల్ల బయటపడుతుందా అని అడిగాను. ఆయన కలం తీసుకుని "చెప్పలేను" అని వ్రాశారు. నేను కూడా నీకు ఆ మాటే చెప్పగలను. కోటేష్ మళ్ళీ ఆమెను తెచ్చుకుంటాడో లేదో, తెచ్చుకున్నా ఆమె వస్తుందో రాదో, పానకాలు మగ్గం గుంటలోకి ఎవరు దిగుతారో నాకు తెలియదు. తెలియదు అని వ్రాయటం ఇంత తేలిక అని ముందే తెలిసి ఉంటే బాగుండేది.

నీ దగ్గరికి వచ్చి ఉండమన్నావు. రాను. గుంటూరులోనే ఉంటాను. పిలిచినప్పుడల్లా ఇక్కడి కోర్టుకు నేనే వస్తాను, నా ఖర్చు మీద, నా కాళ్ళ మీద. ఆ మాట కూడా వ్రాసి సంతకం పెట్టాను. ఎవరినీ అడగలేదు. నిన్ను అడిగితే వద్దంటావు.

రేపో మాపో మీ వీధిలో ఒక మాట పుడుతుంది. కాలేజీలో పాఠాలు చెప్పిన ఆడపడుచు ఏదో రాస్తే, అది నమ్మి పానకాలు పోయాడని. అది మార్కెట్టు దాకా వెళుతుంది, రైలెక్కి గుంటూరు వస్తుంది, సైదాబీ నాకు వ్రాసి చూపించాలా వద్దా అని మిషను ఆపి కూర్చుంటుంది. కిందటి నెల నేను నేల మీద పడుకున్నానో పడిపోయానో చెప్పటానికి ఒక పేజీ ఖర్చు పెట్టాను. ఈసారి ఎవరైనా నీ దగ్గర ఆ మాట అంటే దిద్దకు రాఘవమ్మా. వాళ్ళను అననివ్వు.

రైలు వచ్చినట్టుంది. జనం లేచారు.

సామ్రాజ్యం